సార్ ఏమన్నారో ఇంగ్లీషులో రాయడం

భూపాలపల్లిలో ఒక సైటు సూపర్‌వైజర్ సాయంత్రం పని ముగించుకొని హైదరాబాద్ ఆఫీసుకు వాట్సాప్‌లో ఒక వాక్యం పెట్టాడనుకుందాం: "సబ్‌కాంట్రాక్టర్ సెడ్ ఐ విల్ పే ద లేబర్ టుమారో." అతని మనసులో ఉన్న తెలుగు మాట తేటగానే ఉంది. నేను రేపు లేబర్‌కు పైసలిస్తానని సబ్‌కాంట్రాక్టర్ చెప్పిండు, అంతే. మరునాడు పొద్దున ఆ మెసేజ్ చూసిన అకౌంట్స్ మేనేజర్‌కు మాత్రం వేరేలా అర్థమవుతుంది. ఇంగ్లీషులో ఆ "ఐ" మెసేజ్ పెట్టినవాడిదే. కాబట్టి పైసలిచ్చేది సూపర్‌వైజర్. "టుమారో" అంటే చదివిన రోజుకు మరునాడు. ఒక్క వాక్యంలో చెల్లించాల్సిన మనిషి మారాడు, రోజు కూడా మారింది. మధ్యలో కూలీలు పైసల కోసం ఇంకో పూట ఎదురుచూడాలి.

ఒకరన్న మాటను మరొకరికి చేరవేసే ఈ పద్ధతినే ఇంగ్లీషు గ్రామర్‌లో రిపోర్టెడ్ స్పీచ్ అంటారు. పదో తరగతిలో దీన్ని ఒక ప్రశ్నగా చదివాం. కొటేషన్ మార్కులు తీసేయ్, "దట్" పెట్టు, "నౌ"ను "దెన్" చెయ్, మార్కులు తెచ్చుకో. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల్లోనూ, గ్రూప్-1 జనరల్ ఇంగ్లీషు పేపర్‌లోనూ ఇదే పాఠం మళ్లీ ఎదురవుతుంది. ఉద్యోగంలో రోజుకు పదిసార్లు చేసే పని ఇదేనని మాత్రం ఆ పాఠం చెప్పేవాళ్లు చెప్పరు. మేనేజర్ ఏమన్నారో టీంకు చెప్పాలి, కస్టమర్ ఏమడిగారో మేనేజర్‌కు రాయాలి, పేషెంట్ ఏం చెప్పిందో కేస్ షీట్‌లో ఎక్కించాలి, ఫోన్‌లో వచ్చిన ఆర్డరును ఫైల్లో పెట్టాలి. ఆఫీసు ఇంగ్లీషులో నా లెక్కన సగం ఇదే.

ఈ రాత పని ఎవరి మీద పడుతోందో చూడటానికి మన జిల్లాలే తీసుకోండి. జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి, ఈ మూడూ 2016 అక్టోబర్ 11న ఉమ్మడి వరంగల్ నుంచి విడివడిన జిల్లాలు. మూడు కొత్త కలెక్టరేట్లు, వాటి కింద కొత్త ఆఫీసులు, పైకీ కిందికీ నడిచే కొత్త కాగితాలు. వీటికి తోడు సింగరేణి కేటీకే గనులు, చెల్పూరులోని కాకతీయ థర్మల్ కేంద్రం, కాజీపేట నుంచి డోర్నకల్ మీదుగా పోయే రైలు మార్గం, మార్కెట్ యార్డులు, బ్యాంకులు, ప్రైవేటు ఆస్పత్రులు ఉన్నాయి. సర్కారు బడులన్నిటిలో ఒకటి నుంచి ఎనిమిది తరగతులకు ఇంగ్లీషు మీడియం వచ్చింది 2022-23లోనే. ఇప్పుడు ఈ ఆఫీసుల్లో పనిచేస్తున్నవాళ్లలో చాలామంది తెలుగు మీడియంలో చదివి, ఇంగ్లీషును పనిలోనే పట్టుకున్నవాళ్లు. వాళ్ల కష్టం తెలివి తక్కువై వచ్చింది కాదు, ఊరికే గ్రామర్ పట్టిక బట్టీ పడితే తీరేదీ కాదు. తెలుగు ఒక మాటను ఎలా మోస్తుందో, ఇంగ్లీషు ఎలా మోస్తుందో పక్కపక్కన పెట్టి చూస్తే సగం భయం పోతుంది.

తెలుగులో మనం ఎదుటివాడి మాటను ఉన్నదున్నట్టు పట్టుకొచ్చి చివర "అని" తగిలిస్తాం. "లారీ ఎక్కడుందని అడిగిండు." ఇందులో "లారీ ఎక్కడుంది" అన్న ప్రశ్న చెక్కుచెదరలేదు. "నేను రానని చెప్పిండు" అన్నప్పుడు రానన్నది వాడేనని వినేవాళ్లకు గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ఇంగ్లీషు రాతకు గొంతు లేదు. అక్కడ "ఐ" అంటే ఎప్పుడూ రాస్తున్న మనిషే. అందుకే "హి సెడ్ ఐ విల్ నాట్ కమ్" అని రాస్తే, నువ్వు రావని వాడు చెప్పినట్టు అవుతుంది.

దీనికి మందు మన తెలుగు వాచకంలోనే ఉంది. ప్రత్యక్ష కథనాన్ని పరోక్ష కథనంలోకి మార్చమని బడిలో అడిగేవాళ్లు కదా. "నేను రాను" అని రవి అన్నాడు అన్నది, తాను రానని రవి అన్నాడు అని మారుతుంది. ఆ "తాను"ను పట్టుకోండి. ఇంగ్లీషు వాక్యం మొదలుపెట్టేముందు మనసులో తెలుగు వాక్యాన్ని ఒకసారి "తాను"తో చెప్పుకోండి. "తాను" కుదిరిన చోట ఇంగ్లీషులో "హి" లేదా "షి" పడాలి. "తనకు", "తనను" వచ్చిన చోట "హిమ్" లేదా "హర్". "మా" అన్నది వాళ్ల "మా" అయితే "దెయిర్". సబ్‌కాంట్రాక్టర్ తాను లేబర్‌కు పైసలిస్తానన్నాడు: "ద సబ్‌కాంట్రాక్టర్ సెడ్ హి వుడ్ పే ద లేబర్." మొదట్లో ఈ ఒక్క అలవాటు చేసుకున్నా చాలు. మిగతా తప్పులు చదివేవాళ్లకు ఎబ్బెట్టుగా ఉంటాయి. ఈ తప్పు మాత్రం డబ్బు బాధ్యతను ఒకరి మీది నుంచి ఇంకొకరి మీదికి నెడుతుంది.

ఇక రోజుల సంగతి. "టుడే", "టుమారో", "ఎస్టర్‌డే", "నెక్స్ట్ వీక్" అన్న మాటలు పుట్టిన రోజే పనికొస్తాయి. మెయిల్ ఫార్వర్డ్ అవుతుంది, స్క్రీన్‌షాట్ నాలుగు గ్రూపులు తిరుగుతుంది, నెల తర్వాత ఆడిట్‌లో బయటికొస్తుంది. పరీక్షలో "టుమారో"ను "ద నెక్స్ట్ డే" చెయ్యమంటారు, అక్కడ అలాగే చెయ్యండి. ఆఫీసులో రెండూ వద్దు, తేదీ రాయండి. "ఆన్ 12 జూన్, ద సప్లయర్ సెడ్ హి వుడ్ డెలివర్ ద పైప్స్ ఆన్ 14 జూన్." చెప్పిన తేదీ, చేస్తానన్న తేదీ రెండూ వాక్యంలో ఉన్నాయి. ఈ వాక్యాన్ని ఆరు నెలల తర్వాత ఎవరు తెరిచినా అర్థం చెడదు.

ప్రశ్నల దగ్గర మనవాళ్లందరూ తడబడేది ఒకే చోట. "హి ఆస్క్‌డ్ మి దట్ వేర్ ఈజ్ ద లారీ." మన "అని"కి బదులు "దట్" వచ్చి కూర్చుంది, ప్రశ్న వరస అలాగే మిగిలింది. ఇంగ్లీషులో అడిగిన మాటను చేరవేస్తే అది ఇక ప్రశ్న కాదు, మామూలు వాక్యం. అందుకని వరస కూడా మామూలు వాక్యంలాగే ఉండాలి: "హి ఆస్క్‌డ్ మి వేర్ ద లారీ వజ్." "దట్" లేదు, చివర ప్రశ్న గుర్తు లేదు. "బిల్లు ఎప్పుడు పాసవుతుందని అడిగారు" అన్నదానికి "హి ఆస్క్‌డ్ వెన్ ద బిల్ వుడ్ బి పాస్‌డ్." అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్నలయితే, తెలుగులో "వచ్చిందా", "ఇచ్చారా" అని చివర దీర్ఘం తీసేవి, అక్కడ "ఇఫ్" గానీ "వెదర్" గానీ పెట్టాలి. "పేమెంట్ వచ్చిందా అని అడిగింది" అంటే "షి ఆస్క్‌డ్ వెదర్ ద పేమెంట్ హాడ్ కమ్."

ఆజ్ఞల దగ్గర మాత్రం తెలుగు మనకు సాయం చేస్తుంది. "సార్ రమ్మన్నారు", "మేడమ్ ఫైల్ తెమ్మన్నారు", "సంతకం పెట్టొద్దన్నారు" అంటాం కదా. "రండి అని అన్నారు" అనకుండా "రమ్మన్నారు" అన్నప్పుడే మనం సగం రిపోర్టెడ్ స్పీచ్‌లోకి వచ్చేశాం. ఆ "మ్మన్నారు" ఉన్న చోటల్లా ఇంగ్లీషులో "టోల్డ్ మి టు" వేసుకోండి. "సర్ టోల్డ్ మి టు కమ్." "మేడమ్ టోల్డ్ మి టు బ్రింగ్ ద ఫైల్." "వద్దన్నారు" ఉంటే "టోల్డ్ మి నాట్ టు." "హి టోల్డ్ మి నాట్ టు సైన్." ఇక్కడ "దట్" అక్కర్లేదు, క్రియకు కాలం మార్పు అక్కర్లేదు. రాసేది మరీ పై అధికారి గురించయితే "టోల్డ్" బదులు "ఇన్‌స్ట్రక్టెడ్", బతిమాలిన మాటయితే "రిక్వెస్టెడ్", సలహా అయితే "అడ్వైజ్‌డ్". వరస అదే.

"సెడ్", "టోల్డ్" తేడా చిన్నదే, కానీ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిన చోట ఈ తప్పు వెంటనే కంటబడుతుంది. "టోల్డ్" వెనకాలే మనిషి ఉండాలి: "టోల్డ్ మి", "టోల్డ్ ద మేనేజర్". "హి టోల్డ్ దట్" అన్నది మన దగ్గర ఎంత వినబడినా తప్పే. "సెడ్" వెనకాల మనిషి అక్కర్లేదు. పెట్టాలంటే మధ్యలో "టు" కావాలి. "ఇన్‌ఫార్మ్‌డ్" కూడా "టోల్డ్" లాంటిదే: "ఇన్‌ఫార్మ్‌డ్ మి దట్". "ఎక్స్‌ప్లెయిన్‌డ్" మాత్రం "సెడ్" దారిలో పోతుంది, "ఎక్స్‌ప్లెయిన్‌డ్ టు మి". "సజెస్టెడ్ మి టు" అని ఎప్పుడూ రాయొద్దు. "సజెస్టెడ్ దట్ ఐ కాల్ ద బ్యాంక్" అనాలి, లేదంటే "అడ్వైజ్‌డ్ మి టు కాల్ ద బ్యాంక్".

కాలం మార్పును పుస్తకాలు పెద్ద పట్టికగా ఇస్తాయి. రోజువారీ పనికి నాలుగైదు జతలు సరిపోతాయి. "ఈజ్" ఒక అడుగు వెనక్కి జరిగి "వజ్" అవుతుంది, "విల్" "వుడ్" అవుతుంది, "కెన్" "కుడ్" అవుతుంది, "మస్ట్" "హాడ్ టు" అవుతుంది, అప్పటికే అయిపోయిన పని "హాడ్"తో వస్తుంది. చెప్పిన విషయం ఇప్పటికీ అలాగే ఉంటే మార్చకపోయినా తప్పు లేదు. "ద మేనేజర్ సెడ్ దట్ ద బ్రాంచ్ ఓపెన్స్ ఎట్ టెన్." బ్రాంచి ఇవాళ కూడా పదింటికే తెరుస్తారు కాబట్టి అది మంచి వాక్యమే.

"విల్", "వుడ్" మధ్య తేడాను పని కోసం కాస్త లోతుగా పట్టించుకోవాలి. "హి సెడ్ హి విల్ పే" అంటే ఆ మాట ఇంకా నిలిచే ఉందన్న ధ్వని వస్తుంది. "హి సెడ్ హి వుడ్ పే" అంటే ఆ రోజు అలా అన్నాడని మాత్రమే. ఇచ్చాడో లేదో ఆ వాక్యం చెప్పదు. గడువు దాటిన బాకీ గురించి రాసేటప్పుడు "వుడ్" వాడి, తర్వాతి వాక్యంలో జరిగింది చెప్పండి. "ద సప్లయర్ సెడ్ హి వుడ్ డెలివర్ ద పైప్స్ ఆన్ 14 జూన్. వియ్ హావ్ నాట్ రిసీవ్‌డ్ దెమ్." ఒకరి మీద ఒక్క గట్టి మాట లేకుండా విషయం పూర్తిగా చేరింది.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇంకొకటుంది. గ్రామర్ పుస్తకాల్లో కనిపించదు. అది మన "అట".

"రేపు మార్కెట్ బందట." "రేటు పెరుగుతదంట." "సారు లీవుల ఉన్నరట." మహబూబాబాద్‌లోనో కేసముద్రంలోనో యార్డు గేటు దగ్గర అయిదు నిమిషాలు నిలబడితే ఇలాంటివి ఎన్నో వినబడతాయి. ఆ చిన్న "ట"లో ఎంతో నిజాయితీ ఉంది. నేను చూసింది కాదు, విన్నది, నా పూచీ లేదు అన్నంత అర్థం దానిలో ఉంది. ఇంగ్లీషులో క్రియ చివర తగిలించడానికి అలాంటి ముక్క లేదు. అందుకని "రేపు మార్కెట్ బందట" అన్నది మెసేజ్‌లోకి ఎక్కేసరికి "మార్కెట్ ఈజ్ క్లోజ్‌డ్ టుమారో" అవుతుంది. విన్నమాట ఖాయమైన వార్త అయి కూర్చుంది. ఆ మెసేజ్ చూసి గుంటూరు వ్యాపారి లారీ ఆపేస్తాడు, తేజ మిర్చి బస్తాలు యార్డులోనే ఉండిపోతాయి. రేపు మార్కెట్ తెరిస్తే, అబద్ధం చెప్పింది మెసేజ్ పెట్టిన గుమస్తా అవుతాడు. అతను తెలుగులో అబద్ధం చెప్పలేదు. ఇంగ్లీషులో "ట" పోయింది, అంతే.

ఆ "ట"ను ఇంగ్లీషులో మనిషిగా మార్చాలి. ఎవరన్నారు? "ఎ కమీషన్ ఏజెంట్ టోల్డ్ మి దట్ ద యార్డ్ వుడ్ బి క్లోజ్‌డ్ ఆన్ 15 జూన్. ఐ హావ్ నాట్ కన్‌ఫర్మ్‌డ్ దిస్ విత్ ద యార్డ్ ఆఫీస్." రెండో వాక్యం మీ "ట". అదే వార్త యార్డు ఆఫీసు నుంచే వస్తే "ద యార్డ్ ఆఫీస్ ఇన్‌ఫార్మ్‌డ్ అస్ దట్" అని రాస్తే చాలు, రెండో వాక్యం అక్కర్లేదు. అన్న మనిషి గుర్తు లేకపోతే "ఐ హర్డ్ దట్" అనండి. అది కూడా దొరకని స్థితిలో ఆ మాటను రాయకుండా ఉండటమే మేలు.

చట్టం కూడా ఈ తేడా పాటిస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 55వ సెక్షన్, అంతకుముందు ఎవిడెన్స్ యాక్ట్‌లో 60వ సెక్షన్, చెప్పేది ఇదే. నోటి సాక్ష్యం నేరుగా ఉండాలి. చూసిన సంగతి చూసినవాళ్లే చెప్పాలి, విన్న సంగతి విన్నవాళ్లే చెప్పాలి. మనం రాసే ప్రతి రిపోర్టూ కోర్టుకు పోదు. అయినా విచారణ అంటూ వస్తే మొదట అడిగేది, మీరు చూశారా, ఎవరైనా చెప్పారా అన్నదే. ఆ జవాబు మీ వాక్యంలోనే ఉండాలి.

గనిలో అయితే ఇది ప్రాణాల మీది సంగతి. షిఫ్టు దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఎక్కడ నీరొస్తోంది, ఎక్కడ పైకప్పు బాగాలేదు అని చెప్పుకుంటారు. షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్ తనిఖీ చేసింది పుస్తకంలో రాసి సంతకం పెడతాడు. "దేర్ ఈజ్ వాటర్ ఎట్ ద ఫేస్" (బొగ్గు తవ్వే చోట నీరుంది) అని రాస్తే తాను చూసినట్టు. "ద ప్రీవియస్ షిఫ్ట్ ఓవర్‌మన్ టోల్డ్ మి దట్ దేర్ వజ్ వాటర్ ఎట్ ద ఫేస్" అని రాస్తే, ఇంకా ఎవరో ఒకరు పోయి చూడాల్సి ఉందని తర్వాతి మనిషికి తెలుస్తుంది. రెండిటిలో ఏది రాశారన్నదాన్ని బట్టి తర్వాతి షిఫ్టులో ఒక మనిషి అటు నడుస్తాడో లేదో తేలుతుంది.

ఆస్పత్రిలో పరిస్థితి ఇంకా చిక్కు. మహబూబాబాద్ జిల్లాలో తండాలు చాలా ఉన్నాయి. ముసలవ్వ తన లంబాడీ మాటల్లో నొప్పి చెబుతుంది, కూతురు దాన్ని తెలుగులో చెబుతుంది, నర్సు ఇంగ్లీషులో రాస్తుంది. మాట రెండు నోళ్లు దాటి కేస్ షీట్ మీదికి వస్తోంది. "ద పేషెంట్ టుక్ ద టాబ్లెట్ ఎట్ సిక్స్" అని రాస్తే డాక్టర్ దాన్ని జరిగిన విషయంగా తీసుకొని తర్వాతి డోసు లెక్కేస్తారు. "ద పేషెంట్స్ డాటర్ సెడ్ దట్ ద పేషెంట్ హాడ్ టేకెన్ ద టాబ్లెట్ ఎట్ సిక్స్" అని రాస్తే, అవసరమనుకుంటే డాక్టర్ మళ్లీ అడుగుతారు. ఇక్కడ "హాడ్ టేకెన్" ఊరికే గ్రామర్ కోసం వచ్చింది కాదు. మాత్ర వేసుకోవడం ముందు, చెప్పడం తర్వాత అని అది వరస చూపిస్తోంది. ఆస్పత్రుల్లో పనిచేసే అమ్మాయిలు ఈ "హాడ్" మీద పట్టు తెచ్చుకుంటే, ఇంగ్లీషు రాదన్న మాట పడాల్సిన అవసరమే ఉండదు.

ఇప్పుడు క్రియల ఎంపిక. "సెడ్" అన్నది తెల్లకాగితం లాంటిది, దాని మీద రాసేవాళ్ల అభిప్రాయం ఉండదు. మిగతా క్రియలు చాలావరకు ఏదో ఒక తీర్పు మోస్తాయి. "అడ్మిటెడ్" అంటే తప్పు ఒప్పుకున్నట్టు. "క్లెయిమ్‌డ్" అంటే రాసేవాళ్లకు నమ్మకం లేనట్టు. "ప్రామిస్‌డ్" అంటే మాట ఇచ్చినట్టు. "అలెజ్‌డ్" అంటే ఆరోపణ, ఇంకా తేలలేదు. మన దగ్గర మరీ ఎక్కువగా కలిసిపోయేవి "రిఫ్యూజ్‌డ్", "డినైడ్". డ్రైవర్ లోడుతో రానన్నాడనుకోండి, "ద డ్రైవర్ రిఫ్యూజ్‌డ్ టు కమ్." డీజిల్ తానేమీ తీయలేదన్నాడనుకోండి, "ద డ్రైవర్ డినైడ్ టేకింగ్ ద డీజిల్." ఒకటి పని చేయననడం, రెండోది నింద కాదనడం. "డినైడ్ టు కమ్" అని రాస్తే చదివేవాడికి ఏదో నింద ఉన్నట్టు తోస్తుంది. ఒక మనిషి పేరు మీద రాస్తున్నప్పుడు ఇంత జాగ్రత్త పడటం వాళ్లకు మనం చేయాల్సిన న్యాయం.

ఇక్కడే చెప్పుకోవాల్సిన మన ఫోన్ మాటలు కొన్ని ఉన్నాయి. "సరే సరే" అన్నారంటే చాలాసార్లు వింటున్నానని మాత్రమే. దాన్ని "హి అగ్రీడ్" అని రాయొద్దు. ఒప్పుకున్నారా అని ఫోన్‌లోనే ఇంకోసారి అడిగి తర్వాత రాయండి. "చూద్దాం లే" అన్నది "ప్రామిస్‌డ్" కానే కాదు. "హి సెడ్ హి వుడ్ లుక్ ఇంటు ఇట్" అన్నది దానికి దగ్గర. "అయితది తియ్" అన్న మాటకు తేదీ లేదు కాబట్టి, "హి సెడ్ ఇట్ వుడ్ బి డన్, బట్ డిడ్ నాట్ గివ్ ఎ డేట్" అని రాస్తే పై అధికారికి అసలు పరిస్థితి తెలుస్తుంది. ఏ క్రియ వాడాలో తోచనప్పుడు "సెడ్" దగ్గరే ఆగండి. అదే మాట మళ్లీ మళ్లీ వస్తోందని ఆఫీసులో ఎవరూ తప్పు పట్టరు.

నోటి మాట మీద పని చేయాల్సి రావడం ఈ జిల్లాల ఉద్యోగులందరికీ తెలిసిందే. పంచాయతీ కార్యదర్శికి టెలీకాన్ఫరెన్స్‌లో చెబుతారు, సైట్ ఇంజనీర్‌కు ఫోన్‌లో చెబుతారు, బ్యాంకు ఫీల్డాఫీసర్‌కు కారిడార్‌లో చెబుతారు. 2023 అక్టోబర్ 21న భూపాలపల్లి జిల్లాలోని మేడిగడ్డ బ్యారేజీ పియర్లు కుంగాక, 2024 మార్చిలో ప్రభుత్వం జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వేసింది. 2025 జూలై 31న నివేదిక వచ్చేదాకా ఇంజనీర్లు, అధికారులు, ప్రజాప్రతినిధులు ఎంతోమంది దాని ముందు కూర్చుని జవాబు చెప్పారు. అక్కడ తప్పెవరిదన్నది ఈ వ్యాసం తేల్చే విషయం కాదు. ఏ నిర్ణయం ఎవరిది, ఎప్పటిది అని ఏళ్ల తర్వాత అడిగే రోజు ఏ ఉద్యోగికైనా రావచ్చన్నది మాత్రం ఇక్కడివాళ్లు కళ్లారా చూశారు.

నోటి ఆదేశాలకు నియమం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమావళి, 1964లో మూడో నియమం ప్రకారం పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. నోటితో చెప్పక తప్పనప్పుడు ఆయన వెంటనే రాసి ఖరారు చేయాలి, విన్న ఉద్యోగి కూడా ఆ ఖరారు త్వరగా అడిగి తీసుకోవాలి. రైల్వేలో ఫోన్‌లో చెప్పిన మాటకు స్టేషన్ మాస్టర్లు ప్రైవేట్ నంబర్ ఇచ్చిపుచ్చుకుని రిజిస్టర్‌లో రాసుకునేది కూడా, మాట ఫలానా మనిషి నుంచే వచ్చిందని ఖాయం చేసుకోవడానికే. ప్రైవేటు ఉద్యోగులకు ఆ నంబర్లూ లేవు, ఆ నియమమూ లేదు. వాళ్లకు మిగిలింది ఒక చిన్న మెయిల్. దాని నిండా ఉండేది రిపోర్టెడ్ స్పీచే.

అది ఇలా ఉండొచ్చు. "డియర్ సర్, ఓవర్ ద ఫోన్ ఎట్ 10.40 ఎ.ఎం. టుడే, 12 జూన్, యు ఇన్‌స్ట్రక్టెడ్ మి టు స్టాప్ ద కాంక్రీట్ వర్క్ అంటిల్ ద టెస్ట్ రిపోర్ట్స్ కేమ్. యు ఆల్సో సెడ్ దట్ ద లేబర్ షుడ్ బి పెయిడ్ ఫర్ ద డే. ఐ హావ్ స్టాప్‌డ్ ద వర్క్ అకార్డింగ్లీ. ప్లీజ్ కరెక్ట్ మి ఇఫ్ ఐ హావ్ మిస్‌అండర్‌స్టుడ్ ఎనీథింగ్." మొదటి వాక్యంలో ఆజ్ఞ ఉంది, "మ్మన్నారు" వరసలో "టు"తో వచ్చింది. రెండోదానిలో కూలి గురించి చెప్పిన మాట ఉంది, "దట్"తో వచ్చింది. టైమూ తేదీ ఉన్నాయి, "టుడే" పక్కనే 12 జూన్ ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. అన్నది "యు", చేసింది "ఐ". రెండూ ఎక్కడా కలవలేదు.

ఇలా రాస్తే సార్‌కు కోపం వస్తుందేమోనన్న జంకు చాలామందిలో ఉంటుంది. నమ్మకం లేక సాక్ష్యం కూడబెడుతున్నాడనుకుంటారేమోనని. ఆ జంకులో అర్థముంది, చిన్న ఊళ్లలో ఆఫీసు బంధాలు చుట్టరికాలంత దగ్గరగా ఉంటాయి. ఆఖరి వాక్యం పనికొచ్చేది అక్కడే. "ప్లీజ్ కరెక్ట్ మి" అన్నప్పుడు మీరు సార్‌ను పట్టుకోవడం లేదు, మీరు విన్నది సరిగ్గా విన్నారో లేదో అడుగుతున్నారు. "యు ఇన్‌స్ట్రక్టెడ్ మి" గుచ్చుకునేలా ఉందనిపిస్తే "యాజ్ యు అడ్వైజ్‌డ్ ఓవర్ ద ఫోన్" అని మొదలుపెట్టండి. "యాజ్ డిస్కస్‌డ్" అని మాత్రం వద్దు. చర్చించింది ఎవరు, తేల్చింది ఎవరు అన్నది ఆ మాటలో కనబడదు, ఆజ్ఞ ఇద్దరిదీ అయిపోతుంది. మెయిల్ పెట్టే అలవాటు లేని చోట అదే నాలుగు వాక్యాలు వాట్సాప్‌లో పెట్టండి, గ్రూపులో కాకుండా నేరుగా ఆయనకే. అదే షిఫ్టులో, ఫోన్ పెట్టేసిన గంటలోపే పంపండి. వారం తర్వాత పంపితే అదే మెయిల్ ఫిర్యాదులా చదువుకుంటారు.